పీపీఈ విప్పే చోటు

సాయంత్రం కార్ఖానా కూత వినపడగానే ఆ వరస ఇళ్ళ ఆడవాళ్ళు గుమ్మాల ముందు టబ్బులు పెట్టి నీళ్ళు నింపుకునేవారు. కాసేపటికి మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు సందులోకి వచ్చేవారు. అందరి ఒంటి మీదా మెడ నుంచి మడమల దాకా ఒకే రకం నీలం తొడుగు. గడప దగ్గర నిలబడి, జిప్పు లాగి, దాన్ని విప్పి భార్య చేతికిచ్చేవారు. ఆమె దాన్ని రెండు భుజాల దగ్గరా పట్టుకుని గాలిలో ఫటఫటా దులిపేది. సన్నటి బూడిదరంగు దుమ్ము లేచి, వాలుతున్న ఎండలో క్షణం మెరిసి, గుమ్మాల ముందు ఆడుకునే పిల్లల తలల మీదా, వాళ్ళ చేతుల్లోని రొట్టె ముక్కల మీదా పడేది.

"మీ ఆయన పీపీఈకి మురికి ఎంత బాగా వదిలిందే. ఏం సబ్బు?" అని ఒకామె అడిగితే, "సబ్బుదేముంది, అంతా నా రెక్కలే" అని ఇంకొకామె నవ్వేది. కొత్తవాళ్ళెవరైనా అటుగా పోతే ఎంత శుభ్రమైన మనుషులో అనుకునేవారు. ఆ శుభ్రం మాటున ఏం జరిగిందో తెలియాలంటే ఆ వరసలో ఒక్క ఇంటి సంగతి వింటే చాలు.

ఆ ఇంటాయన కార్ఖానాలో కొలిమి దగ్గర పనివాడు. జనం వాడి పారేసిన బ్యాటరీలన్నీ అక్కడికి చేరతాయి. ఒకరు వాటిని పగలగొడతారు, ఒకరు లోపలి పలకలు ఏరతారు, ఇతను వాటిని కరిగించి సీసం కడ్డీలు పోస్తాడు. భార్య చిన్నవయసుది. బడి మధ్యలోనే మాన్పించి పెళ్ళి చేశారు. ఒక్కర్తే కూతురు. ఆ పిల్ల తుమ్మితే తల్లికి ముద్ద దిగదు. గాలి వీస్తే తలుపు మూస్తుంది, వీయకపోతే పిల్లకు ఉక్కపోస్తోందని తీస్తుంది. ఆ పిల్లేమో ఏడాది నిండకముందే మాటలు మొదలుపెట్టి, ఎదురుపడ్డ ప్రతివాళ్ళనూ ఆపి ఏదో ఒకటి వాగేది. వరసంతా దాన్ని వసపిట్ట అని పిలిచేది.

అప్పట్లో కార్ఖానాలో స్నానాల గది ఉండేది. పని బట్టలు అక్కడే మేకుకు తగిలించి, ఒళ్ళు కడుక్కుని, ఇంటి బట్టల్లో వచ్చేవారు. అయినా ఆమెకు తృప్తి ఉండేది కాదు. మొగుణ్ణి గుమ్మంలోనే ఆపేది.

"చేతులు చూపించు."

"కడిగానే."

"మోచేతుల దాకా కడిగావా?"

"నువ్వు ఏ ఆస్పత్రిలోనో నర్సువి కావలసినదానివి. నా రాత బాగుండక పెళ్ళానివయ్యావు" అని అతను మళ్ళీ పంపు దగ్గరికి నడిచేవాడు. వసపిట్ట గుమ్మంలో గంతులు వేస్తూ "నాన్నా, మోచేయి, మోచేయి" అని అరిచేది.

ఆ తర్వాత కార్ఖానాకు పీపీఈ వచ్చింది.

పైనుంచి ఎవరో అధికారులు వచ్చి చూసి, పనివాళ్ళకు రక్షణ లేదని మందలించి వెళ్ళారట. పెట్టెలకు పెట్టెలు లారీలో దిగాయి. సూపర్‌వైజర్ అందరినీ వాకిట్లో నిలబెట్టి చెప్పాడు. పీపీఈ అంటే పర్సనల్ ప్రొటెక్టివ్ ఎక్విప్‌మెంట్. మనిషి ఒంటికి అపాయం తగలకుండా అడ్డుపడే సామాను. తలకు టోపీ, కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు, ఒళ్ళంతా కప్పే ఈ నీలం తొడుగు, అన్నీ కలిపితే పీపీఈ.

"పేరు పలకలేంగానీ తొడుక్కోగలం సార్" అన్నాడు బ్యాటరీలు పగలగొట్టే పెద్దాయన. అందరూ నవ్వారు.

"నవ్వడం కాదు. రేపటి నుంచి పీపీఈ లేకుండా గేటు దాటనివ్వను. మురికిగా ఉన్నా దాటనివ్వను. ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ఉతుక్కుని, శుభ్రంగా వేసుకురావాలి."

కొత్త సామాను పెట్టుకోవడానికి చోటు కావాలి కదా. స్నానాల గదిలో పంపులు కట్టేసి పెట్టెలన్నీ అందులో పేర్చి తాళం వేశారు. ఒంటినిండా తొడుగు ఉన్నాక ఇంక కడుక్కోవడానికేముందిలే అనుకున్నారు పనివాళ్ళు కూడా. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ సాయంత్రం అతను మొత్తం వేషంతో ఇంటికి వచ్చాడు. మాస్కు చూసి వసపిట్ట ముందు బెదిరి తల్లి వెనక్కి చేరింది. అతను మాస్కు తీసి "నేనేనే" అనగానే ఎగిరి మీద పడింది. తల్లి అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు, ఆగు. ఒళ్ళు కడుక్కోలేదు."

"కడుక్కోవడానికి నా ఒంటికి ఏమంటిందే? ఇదిగో చూడు" అని అతను జిప్పు లాగి లోపలి బనీను చూపించాడు. తెల్లగా ఉంది.

ఆమె ఆ బనీను పట్టుకుని చూసింది, ముక్కుకు ఆనించి చూసింది. కొలిమి వాసన లేదు. పెళ్ళయిన నాటి నుంచీ మోస్తున్న బరువేదో దింపినట్టు ఊపిరి పీల్చుకుంది. "ఇంక నిన్ను దుమ్ము అంటదు కదా?" అని మళ్ళీ అడిగి చెప్పించుకుంది. పిల్లను వదిలేసింది. వసపిట్ట నీలం తొడుగు మీదుగా పాకి, తండ్రి భుజం మీద చెంప ఆనించింది.

ఆ తల్లి ఎక్కడ పొరబడిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. దుమ్ము మొగుడి ఒంటిని తాకలేదు నిజమే. తాకనిది ఎక్కడికి పోయిందని ఆమె ఆలోచించలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. సీసమంటే ఆమెకు తెలిసింది మెరిసే కడ్డీ. అది కంటికి ఆనని పొడిగా కూడా ఉంటుందనీ, బట్ట పట్టుకుని ఇంటికి వస్తుందనీ చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు.

ఆనాటి నుంచీ ఆమె ఆ తొడుగుకు చేసిన సేవ అంతా ఇంతా కాదు. మురికి కనిపిస్తే గేటు నుంచి వెనక్కి పంపిస్తారు, ఆ పూట పని పోతుంది. అందుకని రోజూ దులిపి, నానబెట్టి, మెడ పట్టీ దగ్గర బ్రష్షుతో రుద్ది ఉతికేది. ఇంట్లో పెద్ద టబ్బు ఒక్కటే. ఆ నీళ్ళు పారబోసి, తొలిపి, అందులోనే పిల్లకు స్నానం చేయించేది.

కొన్నాళ్ళకు మోకాళ్ళ దగ్గర చిరిగిన తొడుగు తీసుకుని కొత్తది ఇచ్చారు. పాతది ఆమె అడిగి తెచ్చుకుంది. నిప్పురవ్వకు కూడా చెక్కుచెదరని బట్ట, పారేయడానికి మనసెలా ఒప్పుతుంది? కత్తిరించి, చేతికుట్టుతో వసపిట్టకు బుల్లి తొడుగు కుట్టింది. పిల్ల అది వేసుకుని సందంతా తిరిగింది. "నేను పనికి పోతున్నా. నాకు పీపీ ఉంది" అని అందరికీ జేబులు చూపించింది. పొద్దున తండ్రితో గేటు దాకా వెళ్తే సూపర్‌వైజర్ కూడా మురిసిపోయి ఫోటో తీశాడు. ఆ ఫోటోను పెద్దది చేయించి గేటు పక్క గోడకు అంటించారు. కింద "రక్షణ ఇంటి నుంచే మొదలు" అని రాయించారు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా తల్లి ఒక్క క్షణం ఆగి చూసుకునేది.

వానలు మొదలయ్యేసరికి పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. తినడం మానేసింది. రెండు మూడు రోజులకోసారి కూడా విరేచనం అయ్యేది కాదు. ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు. తల్లి మందుల షాపుకు పరిగెత్తింది. నులిపురుగులకు మందిచ్చారు. తగ్గలేదు. రక్తం తక్కువని టానిక్ ఇచ్చారు. తగ్గలేదు.

"పిల్లలన్నాక సవాలక్ష ఉంటాయి. నువ్వు మరీ గాభరా మనిషివి" అంది పక్కింటి అక్క. ఆమె బ్యాటరీలు పగలగొట్టే పెద్దాయన భార్య. నలుగురు పిల్లల్ని పెంచింది.

"కడుపునొప్పి సంగతి సరే అక్కా. మాటలు తగ్గాయి. నువ్వు గమనించలేదా?"

అక్క పిల్ల వంక చూసింది. వసపిట్ట గుమ్మంలో కూర్చుని తన కాలివేళ్ళను చూసుకుంటోంది. అక్క దగ్గరికి వెళ్ళి "ఏమే, ఇవాళ నాతో కొట్లాడవా?" అంది. పిల్ల తల ఎత్తింది. నోరు తెరిచింది. ఏదో వెతుక్కుంటున్నట్టు కాసేపు చూసి, మళ్ళీ వేళ్ళ మీదికి చూపు తిప్పుకుంది.

 "పద, పెద్దాస్పత్రికి పోదాం. నేనూ వస్తా" అని అక్క చెప్పులు వేసుకుంది.

పెద్దాస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. పిల్ల కళ్ళ రెప్పలు తిప్పి చూసింది, చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కి చూసింది. ఒక బొమ్మ ఇచ్చి పేరు చెప్పమంది. పిల్ల చెప్పలేదు.

"ఇంతకుముందు చెప్పేదా అమ్మా?"

"ఆపితే ఆగేది కాదు డాక్టరమ్మా. ఇప్పుడు నీళ్ళు కావాలన్నా వేలు చూపిస్తోంది."

"మీ ఆయన ఏం పని చేస్తాడు?"

"బ్యాటరీల కార్ఖానాలో, కొలిమి దగ్గర." డాక్టరమ్మ ముఖం మారడం చూసి తల్లి గబగబా అంది. "కానీ అక్కడ అన్నీ ఇస్తారండీ. పీపీఈ లేకుండా లోపలికి పోనివ్వరు. ఆయన అది వేసుకునే చేస్తాడు."

"సరే. అది ఎక్కడ విప్పుతాడు?"

తల్లికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎక్కడేమిటండీ, ఇంట్లోనే."

"ఎవరు ఉతుకుతారు?"

"నేనే. రోజూ ఉతుకుతా. ఒక్క రోజు కూడా మాననండి" అంది, తనను ఎవరూ తప్పు పట్టకూడదన్నట్టు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. పిల్ల ఒంటి మీదున్న నీలం తొడుగును అప్పుడు చూసింది. "ఈ బట్ట ఎక్కడిది?" అంది మెల్లగా.

తల్లి పిల్లను దగ్గరికి లాక్కుంది. పక్కింటి అక్కే చెప్పింది. డాక్టరమ్మ నర్సును పిలిచి, ఆ తొడుగు విప్పించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టించింది. పిల్ల చలికి ముడుచుకుంది. అక్క తన పైట చాటున కప్పింది.

రక్తం తీసి పరీక్షకు పంపారు. తల్లిదండ్రులది కూడా తీశారు. ఫలితాలు వచ్చిన రోజున డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ముగ్గురి రక్తంలోనూ సీసం ఉంది. తండ్రికి తక్కువ. తల్లికి అంతకన్నా ఎక్కువ. అందరికన్నా ఎక్కువ పిల్లకు.

"కొలిమి దగ్గర నిలబడేది నేను కదండీ" అన్నాడు అతను. "దానికెలా ఎక్కువవుతుంది?"

"నీకు మాస్కు ఉంది. ఆ దుమ్ము దులిపిన ఆమెకు లేదు. నేల మీద ఆడి, ఆ చేతులే నోట్లో పెట్టుకునే పిల్లకు అసలే లేదు. పైగా చిన్నపిల్లల ఒళ్ళు సీసాన్ని పెద్దవాళ్ళకన్నా ఎక్కువ లాక్కుంటుంది. అది మెదడు మీద పనిచేస్తుంది."

"మందుంది కదా డాక్టరమ్మా?" అంది తల్లి.

"రక్తంలోది తగ్గించడానికి ఉంది. ఇక్కడే ఉంచి ఇస్తాం. ఇప్పటికే జరిగిన నష్టం ఎంత, అందులో ఎంత తిరిగొస్తుంది అనేది నేను మాటివ్వలేను. ముందు ఆ బట్టలు ఇంటికి రావడం ఆగాలి. ఆగకపోతే మందిచ్చి పంపినా మళ్ళీ ఇక్కడికే తెస్తావు."

మర్నాడు అతను పనికి పోయాక, పిల్లను ఆస్పత్రిలో అక్కకు అప్పగించి ఆమె కార్ఖానాకు వెళ్ళింది. సూపర్‌వైజర్ గేటు దగ్గరే మాట్లాడాడు. ఆమె వెనకాల గోడ మీది ఫోటోలో వసపిట్ట నవ్వుతోంది.

"మేం చేయాల్సింది చేశాం తల్లీ. పీపీఈ ఇచ్చాం. అది పనివాడి రక్షణకు. గేటు దాటాక మీ ఇంట్లో మీరు ఏం చేసుకుంటారో మాకెలా తెలుస్తుంది?"

"ఉతుక్కు రమ్మన్నది మీరే కదండీ."

"ఉతకమన్నాం. పిల్లకు కుట్టి తొడగమన్నామా?"

 ఆ మాట ఆమె ఎముకల్లోకి దిగింది. ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. సాయంత్రం మొగుడు వచ్చి అలవాటుగా తొడుగు విప్పి చాచాడు. ఆమె అందుకోలేదు.

"ఉతకను."

"ఉతక్కపోతే రేపు గేటు దాటనివ్వరు. పిల్ల ఆస్పత్రిలో ఉంది, ఈ సమయంలో పని పోతే ఏం చేద్దామే?"

"పిల్ల ఆస్పత్రిలో ఎందుకుందయ్యా?"

అతను కోపంగా తొడుగు తీసుకుని తనే ఉతకబోయాడు. రెండు చేతులతో దులపడానికి ఎత్తి, అలాగే ఆగిపోయాడు. ఎదురింటి గుమ్మంలో చిన్నపిల్లాడు నోట్లో వేలు పెట్టుకుని తననే చూస్తున్నాడు. అతను ఆ తొడుగును మెల్లగా చుట్టి, సంచిలో కుక్కి, తల పట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

ఆమె అప్పుడు లేచింది. ఇల్లిల్లూ తిరిగింది. సరిగ్గా మాట్లాడడం ఆమెకు చేతకాదు, మధ్యలో ఏడుపొచ్చేది. అయినా డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. కొందరు నమ్మలేదు. "నీ పిల్లకొచ్చిందని అందరి పొయ్యిలో నీళ్ళు పోస్తావా?" అంది ఒకామె. కానీ ఆ మాటన్నామె కొడుకు కూడా ఈమధ్య ఊరికే కడుపు పట్టుకుంటున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పిల్లను కాసేపు నర్సుకు అప్పగించి అక్క ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి తన పిల్లలనూ పరీక్షకు తీసుకెళ్తున్నానని చెప్పాక ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

మర్నాడు ఆ వరసలో ఒక్క తొడుగూ తడవలేదు. మగవాళ్ళంతా మురికి పీపీఈలు సంచుల్లో కట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళారు. శుభ్రంగా లేకపోతే లోపలికి రానివ్వకూడదన్నది కార్ఖానా నియమమే. రానివ్వకపోతే కొలిమి చల్లారుతుంది. సూపర్‌వైజర్ అరిచాడు, బెదిరించాడు, కొత్తవాళ్ళను తెచ్చుకుంటానన్నాడు. వసపిట్ట తండ్రి ముందుకొచ్చి, "తెచ్చుకోండి సార్. వాళ్ళకూ పెళ్ళాం పిల్లలుంటారు. వాళ్ళకూ ఈ సంగతి చెప్పే వెళ్తాం" అన్నాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆ రోజు అక్కడి నుంచి కదల్లేదు.

ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ రాసి పంపాక అధికారులు మళ్ళీ వచ్చారు. స్నానాల గది తాళం తీశారు. పెట్టెలు బయటికి మోశారు. ఉతకడానికి యంత్రం పెట్టారు, అది నడిపేవాళ్ళకూ మాస్కు, చేతి తొడుగులు ఇచ్చారు. గోడ మీది ఫోటోను ఎవరు చింపారో తెలియదు. వరసలో పిల్లలందరికీ పరీక్ష చేస్తే, సీసం లేని రక్తం ఒక్కరిదీ లేదు. కొందరికి కొంచెం, కొందరికి భయపడేంత.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. వసపిట్టకు బడికి పోయే వయసు వచ్చింది. కడుపునొప్పి లేదు, బుగ్గలు కాస్త పూడాయి. కొన్ని మాటలు తిరిగొచ్చాయి. ఎక్కువగా వేలితోనే చూపిస్తుంది. బడిలో టీచరు పాఠం చెబుతుంటే తల ఊపుతుంది, అడిగితే చెప్పలేక గోడ వైపు తిరుగుతుంది. వరసలో ఇప్పుడు దాన్ని ఎవరూ వసపిట్ట అని పిలవరు. పిలవవద్దని ఎవరూ చెప్పుకోలేదు, అందరూ వాళ్ళంతట వాళ్ళే మానేశారు.

మొన్నీమధ్య ఆ వరసలోకి కొత్తగా ఒక జంట వచ్చింది. భార్య నిండు గర్భిణి. ఒక సాయంత్రం ఆ కుర్రాడు కార్ఖానా నుంచి నీలం తొడుగుతోనే సందులోకి వచ్చాడు. వసపిట్ట తల్లి గుమ్మం దిగి అడ్డంగా నిలబడింది.

"వెనక్కి వెళ్ళు తమ్ముడూ. అక్కడ విప్పి, ఒళ్ళు కడుక్కుని రా."

"స్నానాల గది దగ్గర జనం ఎక్కువగా ఉన్నారక్కా. ఇల్లు ఇక్కడే కదా. అయినా నాకేం కాదులే, పీపీఈ వేసుకున్నా కదా."

"నీకేం కాదు. నేనూ అదే అనుకున్నా."

ఆమె పక్కకు తిరిగి కూతుర్ని చూసింది. పిల్ల తల్లి కొంగు పట్టుకుని, ఆ కుర్రాడి బూట్ల వైపు వేలు చూపిస్తూ ఏదో చెప్పాలని చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. మాట రావడం లేదు. కుర్రాడు ఆ పిల్లనూ, తన గుమ్మంలో పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడ్డ భార్యనూ చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వెళ్ళు నాన్నా" అంది ఆమె, ఈసారి మెత్తగా. "పనిలో పుట్టిన విషం పని దగ్గరే ఆగిపోవాలి. దాన్ని ఇంటికి తెచ్చి, ఉతికే ఆడదాని చేతికీ ఒళ్ళో ఆడే బిడ్డ నోటికీ అందించే రక్షణ, ఎంత ఖరీదైనదైనా, ఎవరినీ కాపాడదు."